అలిగిన బతుకమ్మ

"ఈసారి సద్దుల బతుకమ్మనాడు నీకు డ్యూటీ పడితే బాగుండమ్మా!"

2024 సెప్టెంబరులో ఒక సాయంత్రం నేను బీరకాయల చెక్కు తీస్తుంటే, పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటున్న మా అమ్మాయి అన్న మాట ఇది. అప్పటికి తనకు పదకొండేళ్ళు. గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. రేపు వాన రాకపోతే బాగుండునన్నంత మామూలుగా అని, మళ్ళీ లెక్కల్లో పడిపోయింది. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేసి మరచిపోయేదాన్నేమో. మామూలుగా అనడం వల్లనే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మేముండేది శంషాబాదులో. 2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి తరలివచ్చాయి. అయిదువేల అయిదువందల ఎకరాల్లో విమానాశ్రయం, దాని చుట్టూ రింగు రోడ్డు, హోటళ్ళు, గోదాములు. బెంగుళూరు రోడ్డు మీద ఒక మజిలీగా ఉండిన ఊరు చూస్తుండగానే మారిపోయింది. నాకా విమానాశ్రయంలోనే, ప్రయాణికుల సామాను తూచి బోర్డింగు పాసులిచ్చే ఉద్యోగం. మావారు షాద్‌నగర్‌లో ఒక కళాశాలలో పాఠాలు చెబుతారు. అమ్మాయి, అబ్బాయి, అత్తమ్మ. మొత్తం అయిదుగురం.

విమానాశ్రయానికి పండుగ సెలవంటూ ఉండదు. పైపెచ్చు పండుగ వస్తోందంటే జనం రెట్టింపవుతారు. ఎవరి పండుగనాడైనా ఎవరో ఒకరు ఆ కౌంటరు వెనక నిలబడవలసిందే. నెలవారీ డ్యూటీ పట్టిక వచ్చిన రోజున అందరం మొదట వెతుక్కునేది పండుగ తారీఖునే. నేను సెలవు కోసం తాపత్రయపడుతున్న రోజుకు, నా కూతురు నాకు డ్యూటీ పడాలని కోరుకుంటోంది.

కారణం నాకు తెలుసు. అంతకు ముందు సంవత్సరం, 2023 సద్దుల బతుకమ్మ రోజు.

బతుకమ్మ పరిచయం లేని చదువరుల కోసం రెండు మాటలు. మహాలయ అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిదో రోజున సద్దుల బతుకమ్మతో ముగిసే పూల పండుగ ఇది. ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క నైవేద్యం: అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, ఇలా. చివరిరోజు పెద్ద బతుకమ్మను పేర్చి, అయిదు రకాల సద్దులు కలిపి, చెరువు దాకా మోసుకెళ్ళి, ఆడి పాడి నీళ్ళలో వదలాలి. అయిదు రకాలంటే పెరుగన్నం, చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, కొబ్బరన్నం, నువ్వులన్నం. ఇవి కాక మలీద ముద్దలు, పల్లీల పొడి, నువ్వుల పొడి. ఆ తరువాత ఒకటి రెండు రోజుల్లోనే దసరా. దానికి వేరే వంట, వేరే ప్రయాణం.

ఆ రోజు తెల్లవారుజామున ఆరు గంటలకు రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వచ్చాను. దారిలోనే మనసులో జాబితా మొదలయింది. ఇల్లు కడగాలి. తంగేడు, గునుగు, బంతి కొనాలి. గునుగుకు రంగులద్దాలి. అయిదన్నాలు వండాలి. దర్జీ దగ్గర జాకెట్టు తెచ్చుకోవాలి. ఈ జాబితా కాగితం మీద ఎక్కడా లేదు. నా తలలోనే ఉంది. ఇంట్లో ఎవరికీ కనబడదు కనుక ఎవరూ పంచుకోరు. పంచుకోవడం లేదని నాకు కోపం. ఎందుకు కోపమో వాళ్ళకు తెలియదు.

సాయంత్రం నాలుగయింది. సగం బతుకమ్మ పేర్చి, పులిహోర పోపు మాడిపోతోందని వంటింట్లోకి పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి అమ్మాయి నాకు సాయం చేద్దామని గునుగు కట్టను గులాబీ రంగు నీళ్ళలో ముంచుతోంది. గిన్నె ఒరిగింది. రంగంతా కడిగిన గచ్చు మీదా, తను కట్టుకున్న కొత్త పట్టులంగా మీదా పారింది.

ఏమన్నానో ఇక్కడ రాయలేను. చేయి కూడా చేసుకున్నాను. పక్క ఫ్లాటువాళ్ళు గుమ్మంలో నిలబడి ఉండగానే. తను ఏడవలేదు. లోపలికి వెళ్ళి లంగా విప్పేసి, బడికి వేసుకునే గౌను తొడుక్కుని, నానమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. చెరువుకు రాలేదు. ఆ రాత్రి నేను అందరితోపాటు చప్పట్లు కొడుతూ బతుకమ్మ చుట్టూ తిరిగాను. ఫొటోల్లో నవ్వుతూనే ఉన్నాను. వాటిలో నా అరచేతులకు గులాబీ రంగు కనిపిస్తుంది.

ఏడాది గడిచింది. నేను మరచిపోయాననుకున్నాను. తను మరచిపోలేదు.

ఆ వారమే డాలస్ నుంచి మా అక్క ఫోను చేసింది. మనసాగక చెప్పేశాను. ఓదారుస్తుందనుకుంటే నవ్వింది. "నా మొదటి థాంక్స్‌గివింగ్ సంగతి నీకు చెప్పలేదు కదూ!" అంది.

అక్కడ నవంబరు నాలుగో గురువారం ఆ పండుగ. 1863లో అంతర్యుద్ధం నడుమ లింకన్ దాన్ని దేశమంతటికీ ప్రకటించాడు. దాని వెనక సారా జోసెఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలు ఏళ్ళ తరబడి రాసిన ఉత్తరాలున్నాయి. నాలుగో గురువారమని చట్టం చేసింది 1941లో. ఈ చరిత్ర సంగతులేమోగాని, ఆ గురువారం వంటింట్లో నిలబడవలసి వచ్చేది ఇల్లాలేనని అక్క అంటుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇల్లు, ఇద్దరు చిన్నపిల్లలు. పిల్లలు బడిలో విని వచ్చి టర్కీ కావాలన్నారు. గడ్డకట్టిన ఆ పెద్ద పక్షిని రోజుల ముందునుంచీ ఫ్రిజ్‌లో కరగనివ్వాలని అక్కకు తెలియదట. గురువారం మధ్యాహ్నం ఓవెన్‌లోంచి తీస్తే పైన మాడింది, లోపల మంచుముక్క. పిలిచిన మూడు కుటుంబాలూ హాల్లో కూర్చున్నాయి. అక్క స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చిందట.

"మరుసటేడు నుంచి టర్కీ దుకాణంలో చెప్పి తెప్పిస్తున్నాం. ఒకళ్ళు బిర్యానీ, ఒకళ్ళు గుత్తొంకాయ, ఒకళ్ళు గుమ్మడికాయ పై. గిన్నెలు కడిగేది మగవాళ్ళు. ఎవరు ఏం తేవాలో పదిహేను రోజుల ముందే కాగితం మీద పెడతాం. పండుగ ఏమీ తగ్గలేదే! నేను కూర్చుని తినడం ఒక్కటే కొత్త," అంది అక్క.

ఇది అమెరికా పద్ధతి, మన పండుగకు కుదరదనుకుంటూ ఫోను పెట్టేశాను. అత్తమ్మ మంచం మీద కూర్చుని వత్తులు చేసుకుంటూ అంతా వింటున్నారు. ఆవిడకు డెబ్బై దాటాయి. మోకాళ్ళు సహకరించవు. ఇన్నాళ్ళూ, ఆవిడ పద్ధతిలో చేయలేకపోతున్నానేమోనన్న జంకుతోనే నేనింత హైరానా పడుతున్నాను.

"అత్తమ్మా, మీరు ఇద్దరు పిల్లలతో, పొలం పనితో అయిదు రకాలూ ఎట్లా చేసేవారు?" అని అడిగాను.

ఆవిడ నన్ను వింతగా చూశారు. "నేనొక్కదాన్నే అయిదు తీర్ల సద్దులు ఎన్నడు చేసిన బిడ్డా? ఇంటికొక తీరు చేసేటోళ్ళం. మా ఇంట్ల నువ్వులసద్ది, ఎదురింట్ల పెరుగుసద్ది. మీ మామ, మరుదులు పొద్దుగాల్నే గునుగుకు, తంగేడుకు పోయేటోళ్ళు. మేం పేర్చేటోళ్ళం. చెరువు కాడ అందరియి కలిపి పంచుకునేటోళ్ళం. వాడంత కలిసి చేసే పండుగను నువ్వొక్కదానివే చెయ్యవడితివి. నువ్వొక్కదానివే వాడంత అయితవా?"

నాకు చాలాసేపు మాట రాలేదు. అక్క చెప్పినది అమెరికా పద్ధతి కాదు. అత్తమ్మ ఊరి పద్ధతి. ఎటొచ్చీ మనం ఊరు వదిలి ఫ్లాటులోకి వచ్చేటప్పుడు వాడను అక్కడే వదిలేసి, వాడ చేసే పనినంతా మూటగట్టి తెచ్చుకున్నాం. ఆ మూట ఇంటికొక ఆడమనిషి నెత్తిన పెట్టాం. దానికి సంప్రదాయమని పేరు.

"మరి ఈ సంగతి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అన్నాను.

"నువ్వు అడగలే. నీకు చేసుడు ఇష్టమనుకున్న," అన్నారు.

ఇంకొకటి కూడా చెప్పారు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, నైవేద్యం పెట్టరు. అమ్మ అలిగింది కనుక అంతా విశ్రాంతి. నాకు పేరు తెలుసు. కాని ఇన్నేళ్ళూ ఆ ఖాళీ రోజును ఇల్లు దులపడానికి వాడుకున్నాను. తొమ్మిది రోజుల పండుగ మధ్యలో ఆడవాళ్ళకొక అలక రోజు పెట్టిన పెద్దలు నాకంటె తెలివైనవాళ్ళే. అమ్మవారికే అలిగే హక్కుంటే, చెప్పకుండా లోపల లోపల అలిగి పిల్ల మీద చేయి చేసుకునే గతి నాకెందుకు పట్టింది?

నా ఉద్యోగంలో రోజూ ఒక దృశ్యం చూస్తాను. పండుగకు ఊరికి వెళ్ళే కుటుంబం, పెట్టె పదిహేను కిలోలు దాటుతుంది. నేల మీద పెట్టె తెరచి ఏది తీయాలో తేల్చుకోలేక భార్యాభర్తలు ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు. వెనక వరుస పెరుగుతుంటుంది. పిల్లలు బిక్కమొహాలు వేస్తారు. నేను వాళ్ళతో ఎప్పుడూ ఒకటే చెబుతాను. "ఏది తీయాలని చూడకండి. తప్పనిసరిగా ఉండవలసినదేదో ముందు పక్కన పెట్టండి." అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. ఇంత తెలిసినదాన్ని, నా పెట్టె ఎన్నడూ తెరవలేదు.

ఆ ఆదివారం అందరినీ కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ ఒకటే ప్రశ్న అడిగాను. ఏది లేకపోతే మీకు బతుకమ్మ, దసరా కానట్టు?

అబ్బాయి, ఏడేళ్ళవాడు, మలీద ముద్దలన్నాడు. మావారు జమ్మి అన్నారు. దసరానాడు ఊళ్ళో పెద్దవాళ్ళ చేతిలో జమ్మి ఆకు పెట్టి దండం పెట్టకపోతే ఏడాదంతా వెలితిగా ఉంటుందట. పెళ్ళయి పద్నాలుగేళ్ళయినా ఈ సంగతి నాకు తెలియదు. అత్తమ్మ పసుపు గౌరమ్మను తన చేత్తోనే చేయాలన్నారు. నేను, పాటలయ్యేదాకా వంటింటి ధ్యాస లేకుండా నిలబడాలన్నాను.

అమ్మాయి చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత మెల్లగా "గునుగుకు రంగు నేనద్దుతా," అంది.

నా కళ్ళలోకి చూడకుండా అంది.

ఒక్కరూ అయిదు రకాల అన్నాలు అడగలేదు. ఒక్కరూ అద్దంలా కడిగిన ఇల్లు అడగలేదు. నేను ఏళ్ళ తరబడి ఎవరి కోసమైతే ఒళ్ళు హూనం చేసుకున్నానో, వాళ్ళెవరికీ అవి అక్కరలేదు. ఈ మాటకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. రెండూ కొంచెం కొంచెం చేశాను.

తరువాత జరిగినదంతా చిన్న చిన్న పనులే. అయినా నాలాంటి తల్లులకు పనికి వస్తాయేమోనని రాస్తున్నాను.

మొదట, తలలోని జాబితాను కాగితం మీద పెట్టి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. ప్రతి పనికీ ఎదురుగా ఒక పేరు. పేరున్న మనిషిదే ఆ పని, గుర్తు పెట్టుకోవడంతో సహా. "నువ్వు చెబితే చేసేవాణ్ణిగా" అన్న మాటకు చోటు లేకుండా చేశాను. నువ్వుల పొడి, పల్లీల పొడి నిలవ ఉంటాయి కనుక ముందు ఆదివారమే కొట్టిపెట్టాం. గునుగు రెండు రోజుల ముందు కోసినా చెడదు. రంగులద్దే పని అలిగిన బతుకమ్మ తరువాతి సాయంత్రం, బాల్కనీలో, పాత బట్టలతో. తంగేడు మాత్రం వాడిపోతుంది. దాని కోసం సద్దులనాడు తెల్లవారుజామున మావారు, అబ్బాయి రింగు రోడ్డు అవతలి బీడుకు వెళ్ళాలి. ప్లాట్ల రాళ్ళు పాతిన నేలలో కూడా తంగేడు పూస్తూనే ఉంది.

అన్నాల సంగతి మా అంతస్తులోని అయిదు ఇళ్ళకూ చెప్పాను. అడగడానికి ఎంత సిగ్గుపడ్డానో! తీరా అడిగితే, పక్క ఫ్లాటులోని గుంటూరు అమ్మాయి, "అమ్మయ్య, నన్నెప్పుడు పిలుస్తారా అని మూడేళ్ళుగా చూస్తున్నానండీ," అంది. వాళ్ళ వైపు ఈ పండుగ లేదు. కిందనుంచి పాటలు వింటూ బాల్కనీలో నిలబడేదట.

ఇక డ్యూటీ. మా విభాగంలో పనిచేసే ఒక ముస్లిం సహోద్యోగి నా సద్దుల బతుకమ్మ తాను చేస్తానన్నాడు. బదులుగా రంజాన్ పండుగనాడు ఆయన డ్యూటీ నాది. ఓనానికి మలయాళీ పిల్లకు, క్రిస్మసుకు ఇంకొకరికి ఇలాగే మా మధ్య పండుగలు చేతులు మారుతుంటాయి. ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒక రోజే. బతుకమ్మ దగ్గర ఆడవాళ్ళు ఇచ్చిపుచ్చుకునే వాయనం వంటిదే ఇదీనూ.

అంతా సజావుగా జరిగిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. 2024 అక్టోబరు 10న రెండు ఇళ్ళవాళ్ళు పెరుగన్నమే తెచ్చారు, నిమ్మకాయ పులిహోర ఎవరూ తేలేదు. అబ్బాయి తెచ్చిన తంగేడు నిండా చీమలు. గడపకు పసుపు రాయలేదని అత్తమ్మ కాసేపు మూతి ముడుచుకున్నారు. ఆ పని ఎవరి పేరా కాగితంలో లేదు మరి. అన్నిటికంటె కష్టమయింది నాకే. మావారు వంకరగా చుట్టిన మలీద ముద్దలు చూసి చేతులు ఆగలేదు. రెండు ముద్దలు విప్పి మళ్ళీ చుట్టాను కూడా. అబ్బాయి చూసి, "అమ్మా, అది నీ పేరు కాదు," అన్నాడు. చేతులు కడుక్కుని బయటికి వచ్చేశాను. పని పంచడమంటే, ఆ పని మనలా జరగకపోవడాన్ని ఒప్పుకోవడం కూడానట! ఈ పాఠం నాకు ఏడేళ్ళ పిల్లవాడు చెప్పాడు.

రంగులద్దే సాయంత్రం మాత్రం వేరు. బాల్కనీలో మూడు గిన్నెలు పెట్టుకుని నేనూ అమ్మాయీ కూర్చున్నాం. మొదట గులాబీ గిన్నె తన ముందుకు నేనే జరిపాను. తను ఒక్కొక్క కట్టనూ జాగ్రత్తగా, అతి జాగ్రత్తగా ముంచుతోంది. గిన్నె అంచుకు చేయి తగిలినప్పుడల్లా నా వైపు చూస్తోంది. ఆ చూపు భరించలేకపోయాను. "పోయినేడు నేను చేసింది తప్పు. నీది కాదు," అన్నాను. తల్లులం పిల్లలకు క్షమాపణ చెప్పే అలవాటు మన ఇళ్ళలో తక్కువ. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

తను ఏమీ అనలేదు. చాలాసేపటికి, "ఆ లంగా మరక పోయిందా?" అని అడిగింది.

"పోలేదు."

"అయితే అదే కట్టుకుంటా. గునుగుపూల డిజైనులా ఉంది."

ఆ మరక లంగాతోనే చెరువుకు వచ్చింది. ఆ రాత్రి నేను పాటలయ్యేదాకా నిలబడ్డాను. గుంటూరు అమ్మాయికి అడుగులు రాక అందరి కాళ్ళూ తొక్కింది.

2025లో దసరా సరిగ్గా గాంధీ జయంతినాడు వచ్చింది. ఆ రోజు మాంసం దుకాణాలు మూసేశారు. మటన్ లేని దసరా ఏమి దసరా అని మా మరిది వాళ్ళు ఒకటే బాధ. ఈ ఒక్క పనిని జాబితాలోంచి తీయడానికి మాత్రం మాకు మహాత్ముడి సాయం కావలసి వచ్చింది. పప్పుచారు, గారెలతో కానిచ్చి, జమ్మి పట్టుకుని ఊరికి వెళ్ళాం.

కాని ఆ ఏడు సద్దుల బతుకమ్మ రాత్రి డ్యూటీ ఎవరితోనూ మార్చుకోవడం కుదరలేదు. పది గంటలకల్లా కౌంటరులో ఉండాలి. బతుకమ్మను చెరువులో వదిలి, సద్దులు పంచుకుని ఇంటికి వచ్చి, పట్టుచీర మార్చుకుని యూనిఫారం వేసుకుంటున్నాను. అమ్మాయి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. చేతులకు ఇంకా గులాబీ రంగు.

"పోకుంటే కాదా అమ్మా?" అంది.

కాదని చెప్పి బూట్లు తొడుక్కున్నాను. తను ఒక చిన్న డబ్బా నా సంచీలో పెట్టింది. అర్ధరాత్రి దాటాక, వరుస తగ్గినప్పుడు తెరిచి చూశాను. రెండు మలీద ముద్దలు, వంకరటింకరగా. విప్పకుండా తిన్నాను.